అవతలి ఎండ్‌లో హారీ బాయిల్



 

ఈ నెల ఉత్తరం ఒక పాతకాలపు క్రికెటర్ గురించి. ఆస్ట్రేలియా ఇంకా ఒక దేశంగా ఏర్పడక ముందు, ఆరు వేర్వేరు బ్రిటిష్ వలసలుగా ఉన్న రోజుల్లో ఆడినవాడు. పేరు హారీ బాయిల్. మెల్‌బోర్న్‌లో బ్యాట్లు, బంతులు అమ్మే దుకాణం కూడా నడిపాడు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్ల యాషెస్ పోటీ కథ అలవోకగా చెప్పగల అభిమానుల్లో సైతం ఈయన పేరు గుర్తున్నవాళ్లు తక్కువే. అది అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

1882 ఆగస్టు 29, లండన్‌లోని ఓవల్ మైదానం. ఇంగ్లండ్ గెలవాలంటే రెండో ఇన్నింగ్స్‌లో కావలసింది 85 పరుగులు. డబ్ల్యూ.జి.గ్రేస్ క్రీజులో ఉన్నాడు. అప్పటికి క్రికెట్ అంటే గ్రేస్, గ్రేస్ అంటే క్రికెట్. స్కోరు రెండు వికెట్లకు 51. ఇక ఆట అయిపోయినట్టేనని జనం అనుకుంటున్నారు. ఆస్ట్రేలియా తరఫున, ‘దెయ్యం బౌలర్’ అని ఇంగ్లండంతా భయపడ్డ ఫ్రెడ్ స్పోఫోర్త్ ఒకవైపు నుంచి నిప్పులు చెరుగుతున్నాడు. ఆ ఇన్నింగ్స్‌లో ఏడు, మ్యాచ్ మొత్తంలో 14 వికెట్లు ఆయనవే. ఈ కథ ఎవరు చెప్పినా స్పోఫోర్త్‌తో మొదలుపెట్టి స్పోఫోర్త్‌తోనే ముగిస్తారు.

కానీ 32 పరుగులు చేసి పాతుకుపోయిన గ్రేస్‌ను ఔట్ చేసింది స్పోఫోర్త్ కాదు. బాయిల్ బంతిని గ్రేస్ కొడితే అలెక్ బ్యానర్‌మన్ క్యాచ్ పట్టాడు. అక్కడి నుంచి ఇంగ్లండ్ ఊపిరి సన్నగిల్లింది.

ఆ తర్వాత జరిగింది చూడండి. లిటిల్టన్, లూకాస్ అని ఇద్దరు బ్యాటర్లు నిలబడ్డారు. వరసగా 12 ఓవర్లు మెయిడెన్. అప్పట్లో ఓవర్‌కి నాలుగే బంతులు, అంటే 48 బంతుల్లో ఒక్క పరుగూ లేదు. గెలవడానికి ఇరవై చిల్లర పరుగులు చాలు, కానీ బ్యాటుకు బంతి తగిలినా ఫీల్డర్‌ను దాటి పోదు. మైదానంలో ఉన్న వేలమందికి గొంతు తడారిపోతోంది. ఆ 12 ఓవర్లలో సగం బాయిల్‌వి. స్పోఫోర్త్ బంతి లోపలికి దూసుకొస్తుంటే అవతలి ఎండ్‌లో పరుగు దొరుకుతుందని ఏ బ్యాటరైనా ఆశపడతాడు. ఆ ఆశను బాయిల్ మొదట్లోనే తుంచేశాడు. చివరికి లిటిల్టన్‌ను స్పోఫోర్త్ ఎదుటికి తేవాలని బ్యానర్‌మన్ కావాలనే బంతిని వదిలేసి ఒక పరుగు ఇచ్చాడంటారు. మరో నాలుగు మెయిడెన్ ఓవర్ల తర్వాత లిటిల్టన్ బౌల్డ్. ఇక ఒకరి వెనక ఒకరు.

ఎనిమిది వికెట్లు పడ్డాక, గెలుపుకి 10 పరుగుల దూరంలో, బాయిల్ ఓవర్ వచ్చింది. బార్న్స్ కొట్టిన బంతిని కెప్టెన్ మర్డోక్ పట్టాడు. ఆఖరి బ్యాటర్‌గా టెడ్ పీట్ దిగాడు. యార్క్‌షైర్ వాడు, మంచి బౌలరే గాని బ్యాటింగ్ రాదు. అవతలి ఎండ్‌లో సి.టి.స్టడ్ ఉన్నాడు, ఆ వేసవిలోనే ఇదే ఆస్ట్రేలియా జట్టు మీద రెండు శతకాలు కొట్టినవాడు. పీట్ చేయాల్సిందల్లా బంతిని అడ్డుకుని స్టడ్‌కి అవకాశం ఇవ్వడం. ఆగలేకపోయాడు. ఒకటి బాది రెండు పరుగులు తీశాడు, మళ్లీ బాదబోయాడు, వికెట్లు లేచిపోయాయి. ఇంగ్లండ్ 77 ఆలౌట్. ఏడు పరుగుల తేడా. స్టడ్ ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు. (ఈ స్టడ్ తర్వాత చైనాకు మిషనరీగా వెళ్లి, 1900 తర్వాత కొన్నేళ్లు మన పక్కనే ఊటీలో పాస్టరుగా ఉన్నాడు.)

బాయిల్ లెక్క: 19 పరుగులకు మూడు వికెట్లు. గ్రేస్, బార్న్స్, పీట్. నాలుగు రోజుల తర్వాత ‘స్పోర్టింగ్ టైమ్స్’ పత్రికలో ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందని, చితాభస్మాన్ని ఆస్ట్రేలియాకి తీసుకుపోతారని ఒక సంతాప ప్రకటన పడింది. యాషెస్ అన్న పేరు అక్కడ పుట్టిందని మీకు తెలుసు. ఆ ప్రకటనకు కారణమైన ఆఖరి బంతి వేసింది ఒక క్రీడా సామాన్ల దుకాణదారు.

ఇక ఆయన ఎక్కడివాడు, ఎలా పెరిగాడన్న సంగతికి వస్తాను.

బాయిల్ పుట్టింది 1847 డిసెంబర్ 10న, సిడ్నీలో. 1851లో విక్టోరియా వలసలో బంగారం పడింది. ప్రపంచం నలుమూలల నుంచి జనం అక్కడికి పరుగులు తీశారు. బాయిల్ కుటుంబం కూడా పసివాణ్ణి వెంటబెట్టుకుని బెండిగో గనుల దగ్గరికి చేరింది. ఆ ఊరికి అప్పట్లో కాగితాల మీద శాండ్‌హర్స్ట్ అని పేరు, కానీ జనం నోట్లో బెండిగోయే. ఇల్లంటే గుడారం, వీధి అంటే తవ్విపోసిన మట్టిదిబ్బల మధ్య బాట. ఆ నేల అసలు జా జా వురుంగ్ ఆదివాసులది. బంగారం పేరుతో వచ్చినవాళ్లు వాళ్లను అక్కడి నుంచి నెట్టేశారు. ఆ మాట చెప్పకుండా బెండిగో కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

బెండిగో శివార్లలో సిడ్నీ ఫ్లాట్ అని ఒక చోటు ఉంది. బాయిల్, తోటి పిల్లలు కలిసి అక్కడ పొదలు కొట్టి, నేల చదును చేసి, తమకు తామే ఒక క్రికెట్ మైదానం తయారు చేసుకున్నారు. పెద్దలు కట్టిచ్చిన మైదానం కాదు, కోచ్ లేడు, క్లబ్బు పెవిలియన్ లేదు. ఆ గనుల చుట్టుపక్కల పెరిగిన మరో కుర్రాడు బిల్లీ మిడ్‌వింటర్. ఈ ఇద్దరూ కలిసి ఆడుకున్నారు, తర్వాత ఇద్దరూ టెస్టు క్రికెటర్లయ్యారు. చదునుగా లేని నేల మీద ఆడినవాడికి బంతి ఎక్కడ పడాలో ఎరుక ఏర్పడుతుందని నేను నమ్ముతాను. పెద్దయ్యాక బాయిల్ గొప్ప వేగం ఉన్నవాడు కాదు, చేతిలో మాయలూ లేవు. మీడియం పేస్. ఆఫ్ వైపు నుంచి కొంచెం లోపలికి తిరిగే బంతి. కానీ గురి తప్పదు. గంటల తరబడి అదే చోట, అదే వికెట్ మీద. నిండు గడ్డం పెంచిన ఆ మనిషి ఫొటో చూస్తే ఓపికే కనిపిస్తుంది.

1873 చివర్లో గ్రేస్ ఇంగ్లండ్ జట్టుతో మెల్‌బోర్న్ వచ్చాడు. అప్పటికి వలస జట్లకు అంత బలం లేదని, ఇంగ్లండ్ 11 మంది మీద ఇటు 18 మందిని ఆడనిచ్చేవాళ్లు. విక్టోరియా 18 మందిలో బాయిల్ ఒకడు. ఆ మ్యాచ్‌లో గ్రేస్‌ను బౌల్డ్ చేశాడు. విక్టోరియా ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఆ రోజుల్లో గ్రేస్‌ను బౌల్డ్ చేసినవాడి పేరు వలస అంతా పాకిపోయేది.

నాలుగేళ్లకు పరిస్థితి మారింది. 1877లో మెల్‌బోర్న్‌లో 11 మీద 11 ఆడి ఆస్ట్రేలియా గెలిచింది. తర్వాతి కాలంలో దాన్నే మొదటి టెస్టు అన్నారు. 1878లో వాళ్లే ఎదురెళ్లి ఇంగ్లండ్‌లో ఆడాలని నిశ్చయించుకున్నారు. ఆ ప్రయాణానికి డబ్బు పెట్టడానికి బోర్డు లేదు, స్పాన్సర్ లేడు. ఒక్కో ఆటగాడు 50 పౌన్లు వేసుకుని ఒక కంపెనీలా ఏర్పడ్డారు. జాన్ కాన్వే మేనేజరు, డేవ్ గ్రెగరీ కెప్టెను. ముందు వలసల్లోనూ న్యూజిలాండ్‌లోనూ మ్యాచ్‌లు ఆడి, ఓడలో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి, అమెరికాను రైల్లో దాటి, మళ్లీ ఓడెక్కి లివర్‌పూల్‌లో దిగారు. మే నెల. చలి. మొదటి మ్యాచ్ నాటింగ్‌హామ్‌లో ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయారు.

పదేళ్ల ముందు, 1868లో, ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వచ్చిన తొలి జట్టు ఆదివాసులదే. వాళ్లలో కింగ్ కోల్ అనే ఆటగాడు లండన్‌లోనే చనిపోయాడు. 1878లో తెల్లజట్టు దిగినప్పుడు, ఆస్ట్రేలియా వాళ్లంటే నల్లగా ఉంటారనుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారని చెబుతారు. చాలా పుస్తకాల్లో 1878 పర్యటనే మొదటిదని రాసి ఉంటుంది. అది నిజం కాదు.

మే 27న లార్డ్స్‌లో ఎం.సి.సి. (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టుతో మ్యాచ్. రాత్రంతా వాన పడి పిచ్ తడిగా ఉంది. పెద్దగా జనం లేరు. గ్రేస్ తొలి బంతినే బౌండరీకి కొట్టి, వెంటనే ఔటయ్యాడు. స్పోఫోర్త్ హ్యాట్రిక్ చేశాడు, ఎం.సి.సి. 33 ఆలౌట్. ఆస్ట్రేలియా మాత్రం ఏం చేసింది, 41. ఎం.సి.సి. రెండో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మాట నగరమంతా పాకి జనం గేట్ల దగ్గర తోసుకుంటున్నారు. ఈసారి 19 పరుగులకే ఆలౌట్. స్పోఫోర్త్ నాలుగు వికెట్లు తీశాడు. బాయిల్ మూడు పరుగులిచ్చి ఆరు తీశాడు. మూడు పరుగులకు ఆరు! ఆస్ట్రేలియన్లు ఒక్క వికెట్ మాత్రమే పోగొట్టుకుని 12 పరుగులు కొట్టేసి, అదే సాయంత్రం ఆట ముగించారు. క్రికెట్ సామ్రాజ్యపు రాజధానిలో, ప్రపంచంలోకెల్లా పెద్ద క్లబ్బును, గనుల దగ్గర పెరిగినవాళ్లూ బ్యాంకు గుమాస్తాలూ ఒక్కరోజులో మట్టి కరిపించారు. 1872లోనే ఇంగ్లండ్‌కీ ఆస్ట్రేలియాకీ మధ్య తంతి తీగ పడింది కాబట్టి ఈ కబురు ఓడ కోసం ఎదురుచూడనక్కర్లేకుండా ఇంటికి చేరింది. ఆరు వలసలూ కలిసి ఆస్ట్రేలియా అన్న దేశమయ్యేది 1901లో. ఆ పేరుతో ఒక జట్టు లార్డ్స్‌లో గెలవడం అంతకు 23 ఏళ్ల ముందే జరిగింది.

ఆ పర్యటనలోనే మిడ్‌వింటర్ గొడవ జరిగింది. ఆయన ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్‌కి కూడా ఆడేవాడు. జూన్ 20న లార్డ్స్‌లో ఆస్ట్రేలియా తరఫున ఆడడానికి సిద్ధమై ఉంటే, గ్రేస్ వచ్చి ఆయన్ను ఓవల్‌లో గ్లోస్టర్‌షైర్ మ్యాచ్‌కి లాక్కుపోయాడు. కాన్వే, మరికొందరు వెంటపడ్డారు. ఓవల్ గేటు దగ్గర పెద్ద రభస. చిన్ననాటి తోటివాడిని అలా పోగొట్టుకోవడం బాయిల్‌కి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి.

ఇప్పుడు డబ్బు విషయం. బాయిల్ జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన ముక్క ఇదే.

అప్పటి ఇంగ్లండ్‌లో క్రికెటర్లు రెండు కులాలు. కూలి తీసుకోకుండా ఆడే పెద్దమనుషులు, కూలికి ఆడే ప్రొఫెషనల్స్. స్కోరుకార్డు మీద పెద్దమనిషి పేరు ముందు మిస్టర్ అని ఉంటుంది, ప్రొఫెషనల్‌కి ఉత్త పేరే. లోపలికి వెళ్లే ద్వారాలు వేరు, భోజనాలు వేరు. ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్లు ఏ కోవలోకి వస్తారు? వాళ్లు తమను పెద్దమనుషులుగానే రాయించుకున్నారు. కానీ వేసుకున్న 50 పౌన్లకు పర్యటన చివర ఒక్కొక్కరికి ఏడు వందల పౌన్ల పైచిలుకు వచ్చాయి. ఇంగ్లండ్ ప్రొఫెషనల్స్‌కి ఒళ్లు మండింది. ఓవల్‌లో ఆస్ట్రేలియాతో ఆడమంటే, మామూలు 10 పౌన్లకు బదులు 20 ఇస్తే వస్తామని పలువురు తెగేసి చెప్పారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆస్ట్రేలియన్లను తప్పుపట్టడం కూడా నావల్ల కాదు. తాతలు ఇచ్చిన ఎస్టేట్లు వాళ్లకు లేవు. ఏడాది పాటు ఉద్యోగం వదిలి ఓడెక్కినవాడు తిరిగొచ్చి ఏం తింటాడు?

బాయిల్ తిరిగొచ్చి చేసింది దుకాణం పెట్టడం. డేవిడ్ స్కాట్ అనే ఆయనతో భాగస్వామ్యం. ‘బాయిల్ అండ్ స్కాట్’ అని బోర్డు. మెల్‌బోర్న్‌లో క్రీడా సామాన్ల అంగడి. 

ఆ దారి వేసినవాళ్లు ఇంగ్లండ్‌లో ముందే ఉన్నారు. జాన్ విజ్డన్ ఎవరనుకున్నారు? క్రికెట్ పుస్తకాలు చదివేవాళ్లకు పసుపుపచ్చ అట్ట వార్షికసంచికగా తెలిసిన ఆ పేరు ఒక బౌలర్‌ది. 1850లో లార్డ్స్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో పదిమందినీ బౌల్డ్ చేసిన మనిషి ఆయన. లండన్‌లో క్రికెట్ సామాన్లు, చుట్టలు అమ్మే కొట్టు పెట్టి, 1864లో వార్షిక సంచిక మొదలుపెట్టాడు. లిల్లీవైట్ కుటుంబం కూడా అంతే: ఆడారు, దుకాణాలు పెట్టారు, పుస్తకాలు వేశారు. ఆటగాడి పేరు చూసి గిరాకీ వస్తుంది, సామాను కొన్నవాడు స్కోర్లు తెలుసుకోవాలనుకుంటాడు, స్కోర్ల పుస్తకంలో సామాన్ల ప్రకటన ఉంటుంది.

ఆ దుకాణాల్లో అమ్మే సరుకు గురించి రెండు మాటలు చెప్పాలి. బ్యాటు పలక విల్లో చెట్టు కలపతో చేస్తారు, ఆ చెట్టు ఇంగ్లండ్‌లో పెరిగేది. పిడికి పేము. పిడి అడుగును చీలికలా చెక్కి, పలకలో అదే ఆకారంలో కోసిన గాడిలో జిగురుతో దించి, పైన దారం చుడతారు. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదు, పొడవు 38 అంగుళాలు దాటకూడదు. బంతి లోపల బెరడు ముక్క, దాని చుట్టూ బిగించి చుట్టిన దారం, పైన ఎర్ర తోలు, చేత్తో వేసిన కుట్టు. బరువు అయిదున్నర ఔన్సులకు తగ్గకూడదు, అయిదు ముప్పావుకి మించకూడదు. కెంట్ జిల్లాలో డ్యూక్ కుటుంబం చేసే బంతులకు అప్పటికే తరాల పేరు. ఇవన్నీ ఓడల్లో భూగోళం చుట్టి రావాలి. కొత్త బ్యాటును అలాగే వాడితే పగిలిపోతుంది. అవిసెనూనె పట్టించి, పాత బంతితో మెల్లగా కొడుతూ మెత్తబరచాలి. మెల్‌బోర్న్ ఎండకు ఆ పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. కొనడానికి వచ్చిన కుర్రాడికి ఇది నేర్పేది దుకాణదారే. చాలా ఏళ్ల తర్వాత, 1902 ప్రాంతంలో, బాబ్ క్రాకెట్ అనే అంపైరు ఇంగ్లండ్ కెప్టెన్ మెక్లారెన్ పంపిన విల్లో కొమ్మలు విక్టోరియాలో నాటి, అక్కడే బ్యాట్లు చేయించడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా మంచి బ్యాటంటే సముద్రం మీద వచ్చిందే.

గ్రేస్‌ను బౌల్డ్ చేసిన చెయ్యి ఉన్న మనిషి తన చేత్తో బ్యాటు అందిస్తుంటే పదిహేనేళ్ల కుర్రాడికి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? సైకిలు మీద పక్క ఊరి నుంచి వచ్చి బ్యాటు కొనుక్కెళ్లినవాళ్లు మీలోనూ ఉంటారు.

బాయిల్, స్కాట్‌లు పుస్తకం కూడా వేశారు. ‘ఆస్ట్రేలియన్ క్రికెటర్స్ గైడ్’. 1879-80 సీజన్‌తో మొదలైంది. దానికి ముందు కాన్వే ఒక వార్షికసంచిక తెచ్చి ఆపేశాడు. వలసల మధ్య మ్యాచ్‌ల స్కోర్లు, బ్యాటర్ల సగటులు, బౌలర్ల లెక్కలు, క్లబ్బుల ఆటలు ఒకచోట చేర్చడం ఎంత పనో ఆలోచించండి. ఇంటర్నెట్టు లేదు, టైపు మిషను కూడా అరుదే. క్లబ్బు కార్యదర్శి ఉత్తరం రాస్తేనే స్కోరు వస్తుంది. ఆయన రాయకపోతే ఆ ఊరి ఆటంతా చరిత్రలో లేనట్టే. అచ్చులో ఒక అంకె జారిపోతే ఒక కుర్రాడి ఏడాది కష్టం పోతుంది. టెస్టుల్లో ఆడుతూ, ఇంగ్లండ్‌కి ఓడెక్కుతూ, దుకాణం చూసుకుంటూ ఈ పని పెట్టుకోవడం చిన్న విషయం కాదు. 1883-84 దాకా వచ్చి ఆ పుస్తకం ఆగిపోయింది. విజ్డన్ మొదలుపెట్టిన సంచిక ఇప్పటికీ ఏటా వస్తోంది. బాయిల్ పుస్తకానికి ఆ ఆయుష్షు దక్కలేదు. అయినా ఆ అయిదు సీజన్ల ఆస్ట్రేలియా క్రికెట్ గురించి రాసే ఎవరైనా దాన్ని తిరగేయాల్సిందే.

మైదానంలో బాయిల్ చేసిన మరో పని గురించి చెప్పాలి. బౌలింగ్ చేయనప్పుడు ఆయన బ్యాటర్‌కి అతి దగ్గరగా, మిడాన్ వైపు, దాదాపు పిచ్ అంచున నిలబడేవాడు. ఇప్పుడు సిల్లీ మిడాన్ అంటున్నాం. అప్పటికి ఇంగ్లండ్‌లో ఆ చోట అంత దగ్గర ఫీల్డర్‌ను చూసినవాళ్లు తక్కువే. ‘బాయిల్ మిడాన్’ అనే పిలిచారు. హెల్మెట్ లేదు, కాళ్లకు ప్యాడ్లు లేవు, గార్డులు లేవు. అవతల ఉన్నది బంతిని బాదడంలో ఆరితేరిన గ్రేస్ లాంటివాడు. ఇవాళ్టి ఫీల్డర్ హెల్మెట్ పెట్టుకుని ఆ చోట వంగి నిలబడితేనే మనకు గుండె దడ. స్పోఫోర్త్ చెడ్డ బంతి వేయడన్న నమ్మకం లేకపోతే ఆ పని ఎవరూ చేయలేరు. అలాగే, తన ముందు ఆ గడ్డం మనిషి కదలకుండా నిలబడి ఉంటే బ్యాటర్ చెయ్యి తడబడేది. బాయిల్ ఇచ్చిన ఆ సాయానికి స్కోరుకార్డులో గడి లేదు. నా దృష్టిలో ఆయన ప్రతిభ వికెట్ల లెక్కలో ఎంత ఉందో, ఈ లెక్కకు రానివాటిలో అంత ఉంది.

లెక్కలూ తక్కువేం కాదు లెండి. 1882 పర్యటన మొత్తంలో 140కి పైగా వికెట్లు. 12 టెస్టుల్లో 32. 1884లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ 95కే ఆలౌటైతే అందులో ఆరు వికెట్లు ఆయనవి. ఆటగాడిగా ఇంగ్లండ్‌కి అయిదుసార్లు వెళ్లాడు: 1878, 1880, 1882, 1884, 1888. అయిదోసారికి నలభై ఏళ్లు. 1890లో మేనేజరుగా వెళ్లాడు.

టెస్టు జీవితం మాత్రం డబ్బు తగాదాతోనే ముగిసింది. 1884 పర్యటన నుంచి తిరిగొచ్చిన జట్టు, మెల్‌బోర్న్ టెస్టుకి గేటు వసూళ్లలో సగం వాటా కావాలంది. ఇవ్వమన్నారు. 1885 జనవరి 1న మొదలైన ఆ టెస్టులో, అంతకుముందు అడిలైడ్‌లో ఆడిన పదకొండు మందిలో ఒక్కరూ లేరు. మొత్తం జట్టును మార్చేశారు, తొమ్మిదిమంది కొత్తవాళ్లు. బాయిల్ ఆడిన ఆఖరి టెస్టు ఆ అడిలైడ్‌దే. పత్రికలు ఆటగాళ్లను ఆశపోతులని దుయ్యబట్టాయి. జనం డబ్బులిచ్చి టికెట్ కొన్నది ఎవరిని చూడ్డానికి? పెవిలియన్‌లో కూర్చున్న కార్యదర్శులను చూడ్డానికి కాదు కదా. ఆటగాళ్లు అడిగిన వాటా ఎక్కువే కావచ్చు, అడగడం మాత్రం తప్పు కాదని నేను అనుకుంటాను.

ఇదంతా రాస్తుంటే మద్రాసులో ఉన్న మన తెలుగు మనిషి పదే పదే మనసులో మెదిలాడు. మోదవరపు వెంకట మహీపతి నాయుడు గారు, లోకానికి బుచ్చిబాబు నాయుడు. దుబాసీల కుటుంబం, వ్యాపారం మీద వచ్చిన కలిమి. తెల్లవాళ్ల క్లబ్బు పెవిలియన్‌లో భారతీయులకు చోటు లేని రోజుల్లో, 1888లో, ఆయన భారతీయుల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. మైదానం చూశారు, సామాన్లు సమకూర్చారు, పేద పిల్లలకు ఆట నేర్పించారు. బాయిల్ ఆటగాడిగా ఆఖరుసారి ఇంగ్లండ్ వెళ్లిన ఏడాది కూడా 1888. ఇద్దరికీ పరిచయం లేదు, ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమూ లేదు. బాయిల్ పాలకుల జాతివాడు, బుచ్చిబాబు గారు పాలితులవారు. ఆ తేడా చిన్నది కాదు. అయితే ఇద్దరూ నేల చదును చేయించి, చేతికి బ్యాటు అందించినవాళ్లే. బుచ్చిబాబు గారి పేరుతో ఇప్పటికీ టోర్నమెంటు జరుగుతోంది. ఆయన 1908లో పోయారు, అప్పటికి నలభై ఏళ్లు.

బాయిల్ అంతకు ముందటి ఏడాదే, 1907 నవంబర్ 21న, తాను పెరిగిన బెండిగోలోనే కన్నుమూశాడు. అరవై నిండడానికి ఇంకా కొద్దిరోజులుంది.

ఈ ఉత్తరం చదివాక మీరు నాకొక పని చేసిపెట్టాలి. విజయవాడ, వరంగల్, కర్నూలు, విశాఖ, ఏ ఊరైనా సరే, మీ ఊళ్లో ఒక ఆటసామాన్ల కొట్టు ఉండే ఉంటుంది. యజమాని ఒకప్పుడు జిల్లాకో యూనివర్సిటీకో ఆడినవాడై ఉంటాడు. అప్పు మీద బ్యాటు ఇచ్చి ఉంటాడు, తెగిన పిడికి దారం చుట్టి ఇచ్చి ఉంటాడు, ఆదివారం మ్యాచ్‌లకు కొత్త బంతి తనే తెచ్చి ఉంటాడు. మీ ఊరి స్కోరుబుక్కులు ఎవరి ఇంట్లో, ఏ అటక మీద ఉన్నాయో కూడా చూడండి. చెదలు పట్టకముందే వాటిని ఫొటోలు తీయండి. ఆ మనుషుల గురించి, ఆ పుస్తకాల గురించి మీకు తెలిసింది తెలిసినట్టు రాసి పంపండి. సంవత్సరాలు, మైదానం పేరు, ఎవరెవరు ఆడారో కచ్చితంగా గుర్తున్నంత వరకే రాయండి. రాబోయే ఉత్తరాల్లో వీలైనన్ని ప్రచురిస్తాను.

మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
మీ సంపాదకుడు